శ్రుతి గొట్టం

మా ఇంటి పిల్లనగ్రోవి ఒకటి కాదు, రెండు. రెండు వెదురు గొట్టాలను పక్కపక్కనే పెదవుల మధ్య పెట్టుకుని ఒకే ఊపిరితో ఊదాలి. ఒకదానికి వేళ్లాడించే రంధ్రాలుంటాయి. పాట అందులో పలుకుతుంది. రెండోదానికి ఒక్కటీ ఉండదు. అది మొదటి నుంచి చివరిదాకా ఒకే శ్రుతి పట్టుకుని నిలబడుతుంది. కచేరీలకు వెళ్లేవాళ్లలోనూ చాలామందికి ఈ వాద్యం తెలియదు. మేం దాన్ని జోడు అనేవాళ్లం.

తాతగారు చేయించిన ఆ జోడును ఊదేది సముద్రం ఒడ్డున ఉన్న మార్కండి నుంచి వచ్చే ఒక జాలరి. గోసాని నువాగాంలోని మా ఇంటి వసారాలో, ఏటా వానలు తగ్గాక, గొట్టాలకు నూనె పట్టించి అమ్మ కోసం వాయించేవాడు. నియమం ఒక్కటే: జోడు మా గడప దాటకూడదు.

ఆ ఇల్లు చేయి జారింది. లంజిపల్లిలో మేడ మీద రెండు గదుల వాటాకు చేరాం. ఆ ఏడు కూడా ఆయన మా కొత్త ఇల్లు ఆరా తీస్తూ వచ్చాడు. పైన కూర్చోబెట్టడానికి చాప తప్ప మరేమీ లేదు. ఆ లేమి ఆయన కంటపడకూడదని మెట్లకు అడ్డంగా నిలబడ్డాను.

"జోడు తెండి బాబూ, నూనె రాసేసి ఎల్లిపోతాను."

"అవసరం లేదు. నేను చూసుకుంటాను."

"ఏటి సూసుకుంటారు బాబూ? ఊదకపోతే ఎదురు గొట్టం బీటలిచ్చేస్తాది. పోనీ, మా ఇంటికి అట్టుకెల్లి రాసి తెచ్చేస్తాను."

"మా జోడు మీ ఇంటికా?"

ఆయన తువ్వాలు భుజాన సర్దుకున్నాడు.

"మెట్లు బాగున్నాయి బాబూ. ఎక్కనిచ్చేవోలే లేరు."

ఆ తర్వాత ఆయన రాలేదు. జోడును అద్దాల పెట్టెలో పెట్టి, పడమటి కిటికీ ఎదురుగా గోడకు బిగించాను. ఏళ్లపాటు దానిమీద ఎండ పడింది. ఊపిరి మాత్రం తగల్లేదు.

ఈ ఏడు అమ్మ మంచం పట్టింది. అన్నం వద్దంది, మందులు వద్దంది. జోడు వినాలంది.

మార్కండి వెళ్లాను. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి చెప్పగానే పాత మాట ఎత్తకుండా లేచాడు. ఈసారి మెట్లెక్కాడు. పెట్టె తెరిచి పాట గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. అది నిలువునా చీలిపోయి ఉంది. చీలిక వెంట బొటనవేలు నడిపాడు.

"దారం సుట్టినా పలకదు బాబూ," అన్నాడు మెల్లగా, అమ్మకు వినపడకుండా.

రెండో గొట్టం బాగానే ఉంది. చాప మీద కూర్చుని అదొక్కటే ఊదాడు. ఒకే శ్రుతి, ఎత్తూ పల్లమూ లేకుండా గదంతా నిండింది. అమ్మ కళ్లు మూసుకుని వింది. చాలాసేపయ్యాక అడిగింది.

"పాటెప్పుడు మొదలెడతావు?"

ఆయన నావైపు చూడలేదు.

"మొదలెడతానమ్మగోరూ. శ్రుతి సరిసూస్తన్నాను."

అమ్మ నమ్మింది. చిన్నగా తల ఊపి, మళ్లీ కళ్లు మూసుకుని పాట కోసం ఎదురుచూసింది. ఆయన చీకటి పడేదాకా ఊదుతూనే ఉన్నాడు.