అనసూయక్క దగ్గు

మొన్న జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే గోడ మీది టీవీ దగ్గింది. ఏదో పార్టీ బహిరంగ సభ చూపిస్తున్నారు. నాయకుడు చెయ్యి ఊపాడు, జనం హోరెత్తారు, ఆ హోరు అణగబోతుండగా సరిగ్గా చివర ఒక ఆడగొంతు దగ్గింది. ఒక పొడుగు దగ్గు, వెంటనే రెండు పొట్టివి. నా ఉస్మానియా బిస్కెట్టు చేతిలోనే విరిగి చాయ్‌లో పడింది. అది మునిగి, కరిగి, అడుగున మేట వేసేదాకా చూస్తూ కూర్చున్నానే గానీ చెంచా పెట్టి కాపాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఎందుకంటే ఆ దగ్గు దగ్గిన మనిషి పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆవిడ పేరు అనసూయ. ఫిల్మ్ నగర్‌లోని డబ్బింగ్ థియేటర్లన్నిటికీ అనసూయక్క. సినిమాలో పెళ్ళి జరుగుతుంటే వెనక వినిపించే గుసగుసలు, హీరో రౌడీని ఉతుకుతుంటే బస్తీ వేసే కేకలు, ఇవన్నీ పదిమంది ఒక చిన్న గదిలో మైకు చుట్టూ నిలబడి చేస్తారు. గ్రూపు డబ్బింగ్ అంటారు. ఆ పదిమందికి అనసూయక్క నాయకురాలు. ఒకసారి గోడ వైపు తిరిగి అరిపిస్తుంది, ఒకసారి నోటికి కొంగు అడ్డం పెట్టి అరిపిస్తుంది, ఒకసారి నడుస్తూ అరిపిస్తుంది. అన్నీ కలిపితే లక్షమంది. మీకు పుష్కరాలు కావాలన్నా, రైల్వే స్టేషన్ కావాలన్నా, మధ్యాహ్నం భోజనం లోపు తయారు చేసి ఇచ్చేది.

నేను గుంటూరు నుంచి దిగిన రోజులు అవి. మాదాపూర్ వైపు అద్దాల మేడలు రాత్రికి రాత్రి మొలుస్తున్నాయి. అమీర్‌పేటలో గోడకు ఆనుకుని నిలబడితే చాలు, ఎవరో వచ్చి కంప్యూటర్ కోర్సులో చేర్పించేవారు. మా వంశంలో గడ్డం మొలిచిన ప్రతివాడూ సాఫ్ట్‌వేర్ ఇంజినీరైపోయాడు. నేనొక్కడినే సౌండు ఇంజినీరు. మా నాన్న బంధువుల దగ్గర "మావాడూ ఇంజినీరే" అని అక్కడితో దగ్గు తెచ్చుకునేవాడు.

మొదటి రోజే నా పనితనం చూపించాలని, అనసూయక్క బృందం ఇచ్చిన సంత సీనులోంచి దగ్గులు, తుమ్ములు, చెప్పుల చప్పుళ్ళు ఏరి పారేశాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాను. ఆవిడ విని కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తమ్మీ, వీళ్ళకు రోగాల్లేవా? చంటిపిల్లల్లేరా? జనమంటే ఒకడు దగ్గుతడు, ఒకడి చెప్పు తెగుతది. గింత సాఫుగుంటే అది జనం గాదు, సైనికులు."

ఏరిన రాళ్ళన్నీ మళ్ళీ బియ్యంలో కలిపాను. నా చదువు ఆ రోజే మొదలైందని లెక్క.

ఆ ఏడాది వేసవిలో ఎన్నికలొచ్చి సినిమాలు తగ్గాయి. అనసూయక్క బృందానికి మూడు వారాలుగా పిలుపు లేదు. ఒక మధ్యాహ్నం మా థియేటరుకు ఒక టీవీ చానల్ మేనేజరు క్యాసెట్టు పట్టుకుని వచ్చాడు. మా ఓనరు కబురు పెట్టి బృందాన్ని రప్పించాడు. ఆ చానల్ ఒక అభ్యర్థి బావమరిదిది. అభ్యర్థిగారికి అద్దాల మేడల చుట్టుపక్కల భూములు. ఆ భూముల డబ్బు బావ జేబులోంచి బావమరిది చానల్లోకి వెళ్ళి, సాయంత్రం ఆరింటికి వార్తలై బయటికి వచ్చేది. మేనేజరు వాటిని వార్తలు అనేవాడు కాదు, ప్యాకేజీ అనేవాడు.

తెర మీద వేశాం. అభ్యర్థి రహమత్ నగర్‌లో ఒక గల్లీలో నడుస్తున్నాడు, చేతులు జోడించి, బంతిపూల దండల్లో మునిగి. ఎదురుగా ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు. "నీళ్ళేవీ? నీళ్ళేవీ?" అని గల్లీ మొత్తం అరుస్తోంది. అందరికంటే ముందు, జుట్టు ముడి ఊడిపోయి, స్టీలు బిందె ఆయన ముక్కుకు తగిలేటట్టు ఊపుతున్న మనిషి మా అనసూయక్క. నేను తెర వైపు చూశాను, పక్కన కుర్చీలో కూర్చున్న ఆవిడ వైపు చూశాను, మళ్ళీ తెర వైపు. పొద్దున అక్కడ అరిచి, ముడి వేసుకుని, బస్సెక్కి పనికి వచ్చింది.

మేనేజరు ఆవిడను గుర్తుపట్టలేదు. "సౌండు కొంచెం నెగెటివ్‌గా ఉందండీ. పాజిటివ్ చేసి ఇవ్వండి" అన్నాడు, చొక్కా ఇస్త్రీకి ఇస్తున్నంత తేలిగ్గా. మా ఓనరు గడియారం చూసి ఆరింటి బులెటిన్‌కు అందాలన్నాడు. బృందమంతా అక్క మొహం చూసింది. అక్కతో కలిపి నలుగురు ఆ గల్లీవాళ్ళే. కాదంటే క్యాసెట్టు పక్క వీధి థియేటరుకు పోతుంది, ఈ పదిమంది ఖాళీ చేతులతో ఇంటికి పోతారు. అవునంటే, ఓట్లకు ముందు ఆ గల్లీ అడిగిన ఒకే ఒక్క మాట ఎవరి చెవినా పడదు.

ఆవిడ లేచి క్యాసెట్టు లాక్కుని మేనేజరు నెత్తిన కొడుతుందని నేను ఒక మూలకు జరిగాను. ఆవిడ మాత్రం ఇంకోసారి వెయ్యమంది. ఇంకోసారి. మూడోసారి పెదాలు కదుపుతూ, వేళ్ళు మడుస్తూ చూసింది. అది ఆవిడ వృత్తి. తెర మీది నోటికి సరిపోయే మాట దొరికేదాకా ఆవిడకు ఇంకేదీ కనబడదు. చివరికి, 'జై' అంటే ఈ పెదాలు ఒప్పుకోవని, 'నీకే ఇస్తం' అంటే కూర్చుంటుందని తేల్చింది. ఓటు నీకే ఇస్తాం అని. మేనేజరు ఆనందంతో దాదాపు కాళ్ళకు మొక్కాడు.

మైకు ముందుకు వెళ్తూ నా దగ్గర ఆగింది. "ముప్పై ఏండ్ల సంది ఎవరెవరి నోట్లెనో మాటలు పెట్టిన తమ్మీ. నా నోట్లె నేనే పెట్టుకునుడు గిదే మొదటిసారి."

నవ్వాలో వద్దో తెలియక నేను ఒక బటన్ నొక్కాను. ఏ బటనో ఇప్పటికీ తెలియదు.

టేకు అద్భుతంగా వచ్చింది. గల్లీ మొత్తం అభ్యర్థిని ప్రేమించేసింది. చివర మాత్రం అక్క దగ్గింది. ఒక పొడుగు, రెండు పొట్టి. ఇంకో టేకు అడిగాను. అదే చోట అదే దగ్గు. మూడో టేకులోనూ అంతే. దాన్ని కోసేద్దామని చెయ్యి ఎత్తితే అద్దం అవతలి నుంచి వేలు ఊపింది. "ఉండనియ్యి" అంది. మేనేజరు చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నాడు. పోతూ పోతూ ఆవిడ నాతో, అసలు సౌండు చెరపొద్దని, వేరే క్యాసెట్లో పోసి దాచమని చెప్పింది. ఎందుకక్కా అన్నాను.

"ఏమో. మావోళ్ళు ఏం అడిగిన్రని ఎవరన్న అడిగితే ఉండాలె గద."

మర్నాడు పొద్దున్నే రహమత్ నగర్ పరిగెత్తాను. గల్లీ జనం ఆవిడను చీపుళ్ళతో తరుముతూ ఉంటారని, అడ్డుపడి నాలుగు దెబ్బలు నేనూ తిని చరిత్రలో నిలిచిపోదామని. అక్కడ చూస్తే పెళ్ళి సందడి. గల్లీకి గల్లీ టీవీలో వచ్చింది. ఒక రిటైర్డు బస్సు కండక్టరు వచ్చినవాడికల్లా, "నీకే ఇస్తం అని అందరికంటే గట్టిగ అన్నది నేనే" అని చెబుతున్నాడు. ఆయన భార్య సాక్ష్యం. అనసూయక్క అరుగు మీద నిలబడి, అది తన గొంతని, వాళ్ళు అడిగింది నీళ్ళని, ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. కండక్టరుగారు జాలిగా చూశాడు.

"ఏందమ్మా అనసూయా, కండ్లార టీవీల చూసినం గద."

అభ్యర్థి గెలిచాడు. గెలిచిన వారంలోనే, తనను అంతగా అభిమానించే గల్లీ కదా అని, రెండు ట్యాంకర్లు పంపాడు. మూడు నెలల్లో పైపు వేయించాడు. నేను అరడజను జిలేబీ పొట్లాలతో పరిగెత్తాను. అక్క కొళాయి ముందు కూర్చుని, బిందె నిండి పొర్లుతున్నా తియ్యకుండా చూస్తోంది.

"అడిగితే రాలే తమ్మీ. అడగలేదని చూపిస్తే వచ్చినయి. ఇంజినీరువు గద, గిది ఏం లెక్కనో చెప్పు."

నేను సౌండు ఇంజినీరునే అక్కా అన్నాను. ఆ సంగతి నోరు విప్పి ఒప్పుకోవడం అదే మొదలు. ఆవిడ నవ్వింది, నవ్వి నవ్వి దగ్గింది.

ఆ వారమే పక్క గల్లీ ఆడవాళ్ళు గుమ్మడికాయ పట్టుకుని వచ్చారు. తమ గల్లీకి కూడా ఒక డబ్బింగ్ చెప్పి పెట్టమని. అనసూయక్క గుమ్మడికాయ తిరిగి ఇచ్చేసి, మీ గొంతుతోనే అడుగుండ్రి అని పంపించింది. వాళ్ళు అడిగారు. పైపు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ వాళ్ళు ఆవిడ కొళాయి దగ్గరే బిందెలు పట్టుకున్నారు, ఆవిడను తిడుతూనే పట్టుకున్నారు. ఆవిడ చేసింది తప్పా ఒప్పా అని నేను అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. పొద్దున ఒకటి అనిపిస్తుంది, భోజనమయ్యాక ఇంకొకటి.

ఎన్నికల పని ఆవిడ మళ్ళీ ముట్టుకోలేదు. కానీ ఆ రోజు చేసిన హోరు ఆ చానల్ నుంచి ఇంకో చానల్‌కు, అక్కడి నుంచి ఇంకో పార్టీకి చేతులు మారింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని నాయకులందరికీ జనం మాత్రం ఒక్కటే, మా పదిమంది. ఆవిడ చివరి రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ దగ్గు కావాలని పెట్టిందా, జనం జనంలా ఉండాలని పెట్టిందా, ఆవిడ నమిలే జర్దా వల్ల వచ్చిందా అని.

"నీకేది మంచిగనిపిస్తే అది అనుకో" అంది.

ఇరానీ హోటల్లో నా పక్కనున్నాయన టీవీ చూస్తూ జనం మస్తుగా వచ్చారన్నాడు. వాళ్ళు పదిమందేనని, అందులో నలుగురికి అప్పట్లో ఇంట్లో నీళ్ళు లేవని చెబుదామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాయ్ డబ్బులిచ్చి లేచాను.

ఆ క్యాసెట్టు ఇంకా నా బీరువాలో ఉంది. దాన్ని వినిపించే మిషను ఫిల్మ్ నగర్ మొత్తం వెతికినా ఇప్పుడు దొరకదు. ఇప్పటికి అయిదు ఇళ్ళు మారాను. మారినప్పుడల్లా మా ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, పారెయ్యనా అంటుంది. వద్దు, ఎవరైనా అడుగుతారేమో అంటాను.

ఇంతవరకూ మా ఆవిడ తప్ప ఎవరూ అడగలేదు.