మాట నాది, ఆదివారాలు మా పిల్లవి

మీరు దేవునికి ఇచ్చిన మాటను మీరే మోస్తున్నరా, లేక ఇంట్లో ఇంకెవరి నెత్తినన్నా పెట్టిన్రా? సహోదరులారా, సహోదరీలారా, ఆమెన్ అనే తొందర వద్దు. జెర ఆలోచించండి.

ఈ ప్రశ్న నన్ను అడిగిన మనిషి మొన్న మంగళవారం పొద్దున పోయింది. మా పిల్లకు నాలుగేండ్ల నుంచి హాకీ నేర్పిన కోచ్. ముస్లిం ఇంటి ఆడమనిషి, అరవై దాటినయి. గ్రౌండ్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆపా, అంటే అక్క. ప్రాక్టీస్ ముగించుకొని సీతాఫల్‌మండిలో ఇంటికి పోయి మంచినీళ్ళు అడిగిందట. కోడలు గ్లాసు తెచ్చేలోపే గుండె ఆగింది.

ఆపా గురించి చెప్పాలంటే నా తప్పు ముందు చెప్పాలె. మీకు అది సాక్ష్యంగానే తెలుసు, తప్పుగా తెల్వదు. మా పిల్లకు పన్నెండేండ్లప్పుడు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆస్పత్రి మెట్ల మీద మోకాళ్ళూని మొక్కిన: "ప్రభువా, ఈ బిడ్డను నాకియ్యి. దీని ఆదివారాలన్నీ నీవే. ఆరాధన విడిచి ఏ ఆటకూ పంపను." పిల్ల బతికింది. తర్వాతి ఆదివారం నేను వాక్యం చెప్పే మారేడ్‌పల్లి మందిరంలో మైకు పట్టుకొని ఆ మాట చెప్పిన. మీ ఆమెన్‌కు పైన రేకులు అదిరినయి.

ఏడాది తిరగంగనే పిల్ల స్కూల్లో హాకీ స్టిక్కు పట్టింది. మిగతా రోజులు ప్రాక్టీస్‌కు పంపేవాణ్ణి, మ్యాచ్‌లేమో అన్నీ ఆదివారం పొద్దున్నే. ఒకరోజు ఆపా స్కూటర్ వేసుకొని నా మోటార్ వైండింగ్ షాపుకొచ్చింది.

"బ్రదర్, నీ బిడ్డ ఎడమ దిక్కు నుంచి ఉరికితే ఆపేటోళ్ళు లేరు. ఆదివారం పంపు."

"దేవునికి మాటిచ్చిన, ఆపా."

"మంచిది. ఎవరిచ్చిన్రు?"

"నేనే."

"మరి ఆట మానేది ఎవరు?"

నాకు ఒళ్ళు మండింది. "ఆటలోళ్ళకు భయభక్తులు ఏం తెలుస్తయి" అన్న. ఆమె నవ్వింది. "సరే గాని, నీ మైకు సౌండ్ జెర తగ్గించు. మా అల్లాకు చెవులు మంచిగనే ఉన్నయి, మీ ప్రభువుకు సుత ఉంటయి."

భయభక్తులు ఎవరికి తెలుసో తిరుమలగిరి గ్రౌండ్‌లో చూసిన. నమాజు వేళకు విజిల్ మెడలోంచి తీసి జేబులో పెట్టి, గోల్‌పోస్ట్ వెనక చాప పరిచేది. రంజాన్ నెలంతా గుటక నీళ్ళు లేకుండా ఎండలో నిలబడి అరిచేది. "ఏందే, బరాత్‌లో నడిచినట్టు నడుస్తున్నవ్? ఉరుకు! పెండ్లికొడుకు ఎక్కడికీ పోడు!" పిల్లలు నవ్వుకుంటనే ఉరికేటోళ్ళు. గెలిచిన రోజు ఎవరినీ పొగడకపోయేది. ఓడిన రోజు మాత్రం ఒక్కొక్కరికి ఉస్మానియా బిస్కెట్ చేతిలో పెట్టి, "తిను, ఏడుస్తే బలం పోతది" అనేది.

ఆమె తండ్రి దర్జీ. ఆమె చిన్నగున్నప్పుడు బస్తీ పెద్దలు ఇంటికొచ్చి, కాళ్ళు కనబడే స్కర్టు వేసుకొని ఆడపిల్ల ఆడొద్దన్నరట. ఆయన వాదన పెట్టుకోలేదు. అప్పుడే మిషన్ మీద కూర్చొని, జట్టు రంగు గుడ్డతోనే స్కర్టు కిందికి నిండు పైజామా కుట్టిండు. "వచ్చినోళ్ళు చాయ్ తాగి పోయిన్రు, బ్రదర్. మా అబ్బా నమాజు తప్పలేదు, నేను మ్యాచ్ తప్పలేదు" అని ఆపా చెప్పేది. నేను ఆ మాట విననట్టు మోటార్ తీగ చుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

మా పిల్ల రాదని తెలిసి సుత ప్రతి ఆదివారం జట్టు కాగితంలో ఆఖరున ఆమె పేరు రాసేదట. "కొట్టెయ్యండి ఆపా" అని పిల్లే అంటే, "రాసేటందుకు మీ నాయన పర్మిషన్ ఎందుకు?" అన్నదట.

రెండేండ్ల కింద ఒక ఆదివారం నేను బైబిల్లోని సేనాధిపతి మొక్కుబడి గురించి బోధిస్తున్న. యుద్ధం గెలిస్తే ఇంటి గుమ్మంలోంచి ముందుగా ఎదురొచ్చేది దేవునికి అర్పిస్తనని మొక్కినవాడు. గెలిచి వస్తే, తంబురలతో ఆడుకుంటూ ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. కూతురినే అర్పించిండు గాని మాట తప్పలేదు మహానుభావుడు అని నేను గొంతు చించుకున్న. అయిపోయినంక బయటికొస్తే, ఆపా స్కూటర్ మీద కూర్చొని ఉన్నది. సెలెక్షన్ ఫారం ఇద్దామని వచ్చి, మైకులో మొత్తం విన్నది.

"మంచిగ చెప్పినవ్, బ్రదర్. ఆ పిల్ల పేరేంది?"

చంకలో గ్రంథం ఉండనే ఉన్నది. తీసిన. వెతికిన. తండ్రి పేరుంది, ఊరి పేరుంది, గెలిచిన పట్టణాల లెక్కుంది. పిల్ల పేరు లేదు. ఇరవై ఏండ్లుగా ఆ అధ్యాయం బోధిస్తున్న నాకు అది లేదని కూడ తెల్వదు. ఆపా ఫారం నా చేతిలో పెట్టి కిక్ కొట్టి పోయింది.

అప్పుడే నా కండ్లు తెరుచుకున్నయి అని సాక్ష్యం చెప్పాలని ఉంది. అబద్ధమైతది. నోరు మూసుకున్న. ఎందుకంటే నా మొక్కు చూసి మీరు మొక్కిన్రు. ఒక సహోదరుడు కొడుకును ఫుట్‌బాల్ మాన్పించిండు. ఒక సహోదరి బిడ్డను ఎన్‌సీసీ నుంచి తీసేసి, "మీ సాక్ష్యం వల్లనే, బ్రదర్" అని నా చేతులు కండ్లకద్దుకున్నది. ఇప్పుడు నేను వెనక్కి తగ్గితే వాళ్ళ ముఖం ఎట్ల చూడాలె? గోడ కట్టినోణ్ణి నేనే, లోపల ఇరుక్కున్నదీ నేనే. ప్రతి ఆదివారం వేదిక మీదినుంచి చూస్తుంటే, ఆడవాళ్ళ వైపు చాప మీద మా పిల్ల పెదవులు పాట పాడుతుండేవి. మ్యాచ్ షురూ అయ్యే వేళకు మోకాలు ఊగుతుండేది. చూసి కూడ గొంతు పెంచి ఇంకో వాక్యం చదివేవాణ్ణి.

మంగళవారం సీతాఫల్‌మండి గల్లీలో ఆమె జట్టు పిల్లలు జెర్సీలతోనే గోడ వెంట నిలబడ్డరు. మా పిల్ల లోపలికి పోయి చూసొచ్చింది. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, "డాడీ, నీ మొక్కు తీరింది. నేనింక గ్రౌండ్‌కు పోను" అన్నది.

నేను నాలుగేండ్లు ప్రార్థించింది ఇదే కదా. విన్నంక స్తోత్రం అనబుద్ధి కాలేదు.

జూనియర్ జట్టు సెలెక్షన్లు రేపే, ఆదివారం. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతది. "రేపు నేనే తీసుకపోతా" అని నిన్న చెప్పిన. పిల్ల నా దిక్కు చూడలేదు. "మైకులో ఇచ్చిన మాటను వంటింట్లో గుసగుసగా వాపస్ తీసుకుంటవా? ముందు వాళ్ళకు చెప్పు, అప్పుడొస్త."

అందుకే ఈ కాగితం. మొక్కుకున్నది చెల్లించుమని రాసి ఉంది కదా అని మీరంటరు. మీకు కంఠస్థం చేయించింది నేనే. కాని విశ్రాంతి దినం మనిషి కోసమే అన్నది ఎవరు? ఆ దినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి తీయరా అని అడిగింది ఎవరు? నా గొర్రెపిల్ల తనంత తాను పడలేదు. నేనే తోసిన. ఈ మొక్కు నాది. శిక్ష ఉంటే నా మీదికి రానీ, పిల్ల మీదినుంచి ఇయ్యాల తీసేస్తున్న. రేపు పొద్దున ఏడింటికి నేను తిరుమలగిరి గ్రౌండ్ గేటు దగ్గర ఉంట. వాక్యం ఇంకెవరన్నా చెప్పండి.

ఇంతవరకు రాసి, మీకంటే ముందు మా పిల్ల చేతికిచ్చిన. మధ్యాహ్నం ఎండలో కిటికీ పక్కన నిలబడి చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నది. ఈ నాలుగు ముక్కలు వేరే కాగితం మీద రాస్తున్న.

మీరు ఆమె జవాబు కోసం ఆగకండి. నన్ను చూసి కట్టినోళ్ళు నన్ను చూసే విప్పండి. ఆ కొడుకును, ఆ బిడ్డను దగ్గరికి పిలవండి, "మాట నాది, నువ్వు పో" అని నోటితో చెప్పండి. రేపు కాదు. ఇయ్యాల, పొద్దుగూకకముందే.