చక్రం కింద సింహం

నా వల్ల ఒక సింహానికి పన్ను ఊడింది. నవ్వకండి, నిజం. అప్పటికి నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చి మూడు వారాలు.

మాచర్లలో టీచరుగా చేరిన కొత్తలో నాన్న తన పాత కారు నాకిచ్చాడు. దాని హ్యాండ్‌బ్రేకు పైకి లేస్తుంది గానీ బండిని పట్టుకోదు. "ఆపినప్పుడల్లా వెనక చక్రం కింద రాయి పెట్టుకోమ్మా, పల్నాడులో రాళ్లకేం కొదవ?" అన్నాడు. గేరులో వేసి ఆపాలన్న సంగతి నేను టెస్టు పాసైన రోజే మరిచిపోయాను.

ఒక ఆదివారం దుర్గి మీదుగా వస్తుంటే ఉలి చప్పుడు వినబడింది. చప్పుడు వింటే అదేమిటో చూడకుండా ఉండలేని జబ్బు నాది. ఎత్తు మీదే కారు ఆపాను. దారి పక్కనున్న రాళ్లలో పలకలాంటిదొకటి ఈడ్చుకొచ్చి, చక్రం వెనక తోసి, శిల్పి కోటయ్యగారి పందిట్లోకి పరిగెత్తాను.

"బాబాయ్, రాయి లోపల పగులుంటే ఎట్లా తెలుస్తది?"

"తడితే అదే చెప్పుద్ది."

"ఏమని?"

"కంగుమంటే మంచిది. బొదబొదమంటే పగిలింది."

"ముందు కళ్లు చెక్కుతారా, ముక్కా?"

"ముక్కు. అమ్మాయ్, నువ్వు టీచరువా, పోలీసువా?"

అలా గంట గడిచింది. ఇంతలో ఒక పెద్దమనిషి బండి దిగాడు. చూడగానే గుర్తుపట్టాను. నాకు టెస్టు పెట్టిన బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు! మర్నాడు ఆయన గృహప్రవేశమట. గేటు స్తంభాలకు అతికించే రెండు సింహం ముఖాలు తీసుకుపోవడానికి వచ్చారు. తీరా చూస్తే ఒకటే ఉంది.

కోటయ్యగారి ముఖం పాలిపోయింది. "ఇరవై రోజుల పని సార్. ముఖం మీద దుమ్ము పడకుండా బండిలో ఎక్కించే కాడ బోర్లించి పెట్టా."

పాపం, నేనూ వెతికాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్లను తక్కువ చేయకండి. నేను చక్రం కింద సింహాన్ని పెట్టుకుని దుర్గి అంతా వెతికాను. గడ్డివామి కింద కూడా చూశాను.

"ఆ కారెవరిది?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"నాదే సార్."

ఆయన వంగి చూశారు. చానాసేపు చూశారు. "కోటయ్యా, ఇట్రా."

తర్వాత నావైపు తిరిగారు. "డ్రైవరు లేకుండా బండి వదిలేటప్పుడు చట్టం ఏం చెయ్యమంది?"

"ఇంజను ఆపి బ్రేకు వెయ్యాలి సార్. లేదా బండి దానంతటది కదలకుండా వేరే జాగ్రత్త తీసుకోవాలి." నోరు ఊరుకోదు కదా, ఇంకో మాట కూడా అన్నాను. "రాయి వేరే జాగ్రత్తే కదా సార్?"

"వేరే జాగ్రత్త అన్నారు గానీ, నా సింహం అన్లేదమ్మా."

బండి కదిపితే గాని రాయి రాదు. "ఎక్కి ముందుకు పోనియ్. వెనక్కి జారితే రేపు నా గేటుకి ఒక సింహమే" అన్నారు. కోటయ్యగారు చక్రం దగ్గర చతికిలబడి చేతులు జోడించారు. ఆ దండం నాకో, సింహానికో తెలియలేదు. క్లచ్చి వదిలాను. కారు వేలెడు వెనక్కి జారింది. టక్కుమంది. తర్వాత ఎగిరి ముందుకు దూకింది.

తిరగేసి చూస్తే ముక్కు బాగుంది, జూలు బాగుంది. ఎడమ కోర లేదు. నాకు ఏడుపొచ్చింది. కోటయ్యగారు కాసేపు రెండు సింహాలనూ మార్చి మార్చి చూశారు. ఉలి తీసుకుని, బాగున్నదాని కుడి కోర ఒక్క దెబ్బతో ఎగరగొట్టారు.

"ఇప్పుడు జత కుదిరింది సార్."

ఇన్‌స్పెక్టరుగారు నాకు జరిమానా వెయ్యలేదు. అంతకన్నా పెద్ద శిక్షే వేశారు, గృహప్రవేశానికి పిలిచారు. "సింహాలకు ఒక్కో కోర లేదేమండీ?" అని అడిగిన ప్రతి చుట్టానికీ నన్ను చూపించి, చట్టం మొదటినుంచీ చెప్పారు. నేను రోజూ బడికి వెళ్లేది ఆ గేటు ముందునుంచే. అవి రెండూ నన్ను చూసి ఒంటికోర నోళ్లతో నవ్వుతుంటాయి.

హ్యాండ్‌బ్రేకు మర్నాడే బాగుచేయించాను. అయినా బ్రేకుల్ని నమ్మేదేముంది? అందుకే పిల్లల పరీక్ష పేపర్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఏ రాయినైనా సరే, ముందు తిరగేసి ముఖం చూసి, పలకరించి, అది ఎవరింటి గేటుదో కనుక్కున్నాకే చక్రం కింద పెడతాను.