గుడ్లు లేని పూట

2022లో నేను కల్వకుర్తి దగ్గరి ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం గెస్ట్ లెక్చరర్‌ని. బాబుకు అప్పుడు ఏడో నెల. పొద్దున వాడికి పాలిచ్చి బస్సెక్కితే, నాలుగింటి బస్సు తప్పిపోతుందేమోనన్న భయంతోనే రోజంతా గడిచేది. నిద్ర చాలక, బోర్డు మీద రాస్తున్న మాట సగంలోనే మరిచిపోయేదాన్ని.

ఆ ఏడాది నా చేతికొచ్చిన ఫైనలియర్ ప్రాజెక్టుల్లో మల్లేశ్వరిది ఒకటి. వాళ్ళది గొర్రెలు కాసే ఇల్లు. ఆమె అంశం సైక్లాప్స్, అంటే కుంట నీళ్ళలో చుక్కంత కనిపించే, రొయ్యకు దూరపు చుట్టమైన జీవి. ఆడది గుడ్లను తోకకు రెండు పక్కలా రెండు సంచుల్లో మోస్తుంది. వాటిని ఎగ్ శాక్స్ అంటాం. ఆ బరువు వల్ల ఈత ఎంత మందగిస్తుందో తేల్చాలి. గ్రాఫ్ కాగితం మీద గాజు పళ్ళెం పెట్టి, ఫోన్‌తో వీడియో తీసి, నిమిషానికి ఎన్ని గళ్ళు దాటిందో లెక్కపెడతాం.

గుడ్లున్నవి పది, లేనివి పది పట్టుకొమ్మన్నాను. గుడ్లున్నవి బాగా వెనకబడ్డాయి. అనుకున్నదే వచ్చిందని రికార్డు మీద సంతకం పెట్టేశాను.

మర్నాడు మల్లేశ్వరి వచ్చి, "మేడం, ఏమనుకోకుండ్రి. మన లెక్క తప్పున్నది" అంది.

"ఏం తప్పు?"

"గుడ్లు లేనియ్యని మనం పట్టినయి మళ్ళ చూసిన. అన్ని మగయే. సూడి గొర్రెకు పొట్టేలుతోని పందెం పెడ్తే ఏం తెలుస్తది మేడం?"

మైక్రోస్కోపులో చూశాను. నిజమే. మీసాలు వంకర తిరిగి ఉన్నాయి, అది మగవాటి గుర్తు. మొదటి పాఠంలో చెప్పే సంగతే. ఎగ్జామినర్ రావడానికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. ప్రాజెక్టు పోతే ఆమెకు డిగ్రీ చేతికి రాదు, బీఈడీ సీటు అందదు.

ఈసారి ఆడవాటినే ఒక్కోదాన్ని ఒక్కో ఖాళీ ఇంజెక్షన్ సీసాలో ఉంచాం. గుడ్లతో ఉన్నప్పుడు ఈత కొలిచి, పిల్లలు బయటికొచ్చాక అదే ఆడదాన్ని మళ్ళీ కొలవాలి. రోజూ నాలుగింటికి ల్యాబ్‌కు తాళం వేసి వెళ్ళేదాన్ని. మూడో రోజు పొద్దున చూస్తే మూడు సీసాల్లో పిల్లలు తిరుగుతున్నాయి. తల్లుల తోకలకు అప్పటికే కొత్త సంచులు. ఖాళీగా ఉన్న పూట మేము లేని పూటే అయింది.

నాకు ఏడుపొచ్చింది. మల్లేశ్వరి మాత్రం మిగిలిన సీసాలు ఒక్కోటీ పరీక్షగా చూసింది. "గుడ్లల్ల ఎర్ర చుక్కలు కనవడ్తున్నయి మేడం. పిల్లల కండ్లు గావచ్చు. మా బాపు ఈననీకొచ్చిన గొర్రెకు ఎర్రమన్ను రాసి ఇంటికాడనే ఆపుతడు, మందల తోలడు. గట్లనే చేద్దాం." అంటూ పర్సులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసి, ఆ సీసాలకు ఒక్కోటి అంటించింది. ఇక వాటిని వదలకూడదు.

మా అత్తమ్మకు ఫోన్ చేశాను, ఆలస్యమవుతుందని.

"పిలగాడు పాలకు గుక్కపట్టిండు. నువ్వేమో ఆడ పురుగులకు కాన్పులు చేస్తున్నవా?"

"ఈ రెండు రోజులే అత్తమ్మా."

తిడుతూనే ఆటోలో బాబును తెచ్చింది. బీరువా చాటున కూర్చుని నేను పాలిస్తుంటే, అత్తమ్మ బొట్టు పెట్టిన సీసాలను వింతగా చూస్తూ నిలబడింది. కాసేపటికి "ఓ పిల్లా, దీంట్ల ఏదో కదుల్తాంది" అంది. మల్లేశ్వరి పరుగున వచ్చి వీడియో తీయడానికి ఫోన్ పెట్టింది.

ఆ రెండు రోజుల్లో ఐదింటిని కొలవగలిగాం. గుడ్లు దిగాక వాటి ఈత కొంచెం చురుకైంది, అంతే. మేము మొదట రాసినంత తేడా లేదు. ఈసారి వెంట్రుకతో తాకి కూడా చూశాం. గుడ్లున్నప్పుడు కూడా, లేనప్పుడు గెంతినంత దూరమే దాదాపుగా గెంతేవి. కాకపోతే నాలుగైదుసార్లు తాకేసరికే అలిసి అడుక్కి దిగిపోయేవి. పాత పేజీల మీద నేనే అడ్డంగా గీత కొట్టి, తప్పు నాదని రాసి సంతకం చేశాను.

"ఐదేనా? మిగతావి ఏవమ్మా?" అన్నారు ఎగ్జామినర్.

"అవి ఖాళీగ ఉండేదే జరసేపు సార్. గా జరసేపట్లనే కొలవాలె."

ఆయన నవ్వలేదు. కొట్టేసిన పేజీలు కూడా తిప్పి చూసి, మార్కులు వేశారు. మల్లేశ్వరి ఇప్పుడు బీఈడీ పూర్తిచేసి టీచరైంది.

మోసేదాన్ని మోయని దాని పక్కన పెట్టి కొలవకూడదని ఆ ప్రాజెక్టు నాకు నేర్పింది. దాన్ని దానితోనే పోల్చాలి, అదీ ఎన్నిసార్లు తాకాక అలిసిందో కూడా రాసుకుని. నా రెండో బిడ్డకు ఇప్పుడు నాలుగో నెల. ఈ మధ్య మేడం స్లో అయ్యారని స్టాఫ్‌రూంలో అంటున్నారు. ఎవరితో పోల్చి అంటున్నారని అడగాలనుకుంటాను. అడిగే ఓపిక ఉండదు.