నాలుగు నెలల తేడా

నా రక్తం ఓ పాజిటివ్. స్కూల్లో ఐడీ కార్డు మీద అచ్చువేయించుకోవడానికి తప్ప ఈ సంగతి నాకెప్పుడూ పనికిరాలేదు. రెండు కిడ్నీలూ చేతులెత్తేసి, విజయవాడలో వారానికి రెండుసార్లు డయాలసిస్ మంచం ఎక్కడం మొదలయ్యాక మాత్రం ఇంటికొచ్చినవాళ్లందరూ అదే అడగసాగారు. ఓ గ్రూపు వాళ్లు ఎవరికైనా ఇవ్వచ్చు, పుచ్చుకోవాలంటే మాత్రం ఓ వాళ్ల దగ్గరే పుచ్చుకోవాలి. ఇరవై మూడేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని, ఈ లెక్క ఒక్కసారికే అర్థమైంది. మా ఆయనది బి. నా కొడుకుది ఓ.

వాడు అప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. డాక్టరుగారి గదిలో నోరు తెరవబోతుంటే మోచేత్తో పొడిచాను. వాడి ఊసెత్తొద్దని డాక్టరుగారితో ఖండితంగా చెప్పేశాను. ఆయన సరేనని, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. మా అక్క ఉందని చెప్పాను. ఆ రెండు మాటలకీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు సిగ్గుపడటానికి తీరిక లేదు, ఉన్నదల్లా భయం.

ఆ భయం ఎలాంటిదో చెప్పాలంటే మా పక్క మంచం ఆయన గురించి చెప్పాలి. ఆయనది హనుమాన్ జంక్షన్, హైవే మీద టిఫిన్ హోటలు. మిషను తిరుగుతున్న నాలుగు గంటలూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు, నాకు విసుగొచ్చి కళ్లు మూసుకుని పడుకున్నట్టు నటించేదాన్ని. ఒక మంగళవారం వెళ్లేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆయన ఏమయ్యాడని నేను నర్సుని అడగలేదు. ఆ రోజు మొదలుకొని మిషను ఏ చిన్న చప్పుడు చేసినా నర్సుని కేకేసేదాన్ని. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో ఉండగా ఆయాసం వచ్చి, మిగతాది పిల్లల్ని చెయ్యమని కుర్చీలో కూర్చున్న రోజు సెలవు పెట్టేశాను.

మా అక్కది కంకిపాడు దగ్గర పల్లె. బావగారు వ్యవసాయం చేస్తారు, నాలుగెకరాలు. మంచి మనిషే, కాకపోతే ఇంట్లో అందరి తరఫునా ఆయనే మాట్లాడేస్తారు. ఒక ఆదివారం మా ఆయనా నేనూ వెళ్లాం. వదినగారిది ఏ గ్రూపో తెలుసా అని మా ఆయన అడిగితే, బావగారు బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అక్కకి గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి కాగితాలు. అందులో ఓ పాజిటివ్ అని ఉంది. మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ దుకాణం. "చూశావా, ఇంట్లోనే ఒరిజినల్ పార్టు పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం" అన్నారు. అందరం నవ్వాం. నవ్వి చాలా రోజులైంది మరి. బావగారు, ఇంకెందుకు ఆలోచన, తీసుకెళ్లండి అనేశారు, బస్తా మినుములు కారులో వేసుకెళ్లమన్నంత తేలిగ్గా.

అక్క పొయ్యి దగ్గరుంది. నాకు గోంగూర కూడదని సొరకాయ విడిగా వండుతోంది. చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఉప్పు సగమే వేశాను, సరిపోతుందా అని అడిగింది. సరిపోతుందన్నాను. ఆ రోజు మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే. అదే ఒప్పుకోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవడం నాకు వీలుగా ఉండింది.

కిడ్నీ మార్పిడికి ముందు చేసే పరీక్షలన్నిటినీ హాస్పిటల్లో వర్కప్ అంటారు. నాకో జాబితా, అక్కకో జాబితా ఇచ్చారు. గుండె, ఊపిరితిత్తులు, కడుపు, చెవులు, ఆడవాళ్ల డాక్టరు, మనసు డాక్టరు. చివరికి పళ్లు కూడా. పుచ్చు పన్ను ఒక్కటున్నా కొత్త కిడ్నీకి ముప్పని నావి రెండు దవడ పళ్లు పీకేశారు. ప్రతి గది ముందూ కూర్చుని, ఈ గదిలో ఏదో ఒకటి బయటపడుతుంది, ఇక ఇంటికి పొమ్మంటారు అని వణికిపోయేదాన్ని. నా పరీక్షల కంటే అక్క పరీక్షలకి ఎక్కువ వణికాను. అక్కకి షుగరు ఉండకూడదని కొండమీద అమ్మవారికి మొక్కుకున్నాను. అక్క ఆరోగ్యం కోసం ఎంత తపిస్తోందో అని మా ఆయన వాళ్లతో వీళ్లతో చెప్పి మురిసిపోయారు. నేను కాదనలేదు.

ఒకరోజంతా వచ్చిన మూత్రం క్యానులో పట్టి తెమ్మన్నారు అక్కని. ఐదు లీటర్ల తెల్ల క్యాను. దాన్ని వైరు బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, కంకిపాడులో బస్సెక్కి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటావిడ మజ్జిగా అని అడిగిందట. మా చెల్లికి మందండీ అని చెప్పిందట అక్క. బెంజి సర్కిల్ దగ్గర దిగి ఆ మాట నాకు చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ క్యాను రిపోర్టు బాగా వచ్చేదాకా రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

పరీక్షలన్నీ గట్టెక్కాయి అనుకుంటుండగా కాగితాల దగ్గర ఆగింది బండి. హాస్పిటల్లో ఈ ఫైళ్లు చూసే కోఆర్డినేటర్ ఒకమ్మాయి, చాలా మర్యాదస్తురాలు. మా ఇద్దరి టెన్త్ సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టి, ఏమనుకోవద్దన్నట్టు గొంతు తగ్గించింది.

"మేడం, మీ అక్కగారు జూన్‌లో పుట్టారు. మీరు అదే సంవత్సరం అక్టోబరులో పుట్టారు. అమ్మగారు ఒక్కరేనా అండీ?"

ఇది మా స్టాఫ్ రూములో పాత జోకు. మా అమ్మ నాలుగు నెలలకో పిల్లని కన్నదని నేనే చెప్పి నవ్వించేదాన్ని. బళ్లో చేర్చే రోజున మేస్టారు నోటికొచ్చిన తేదీ రాసుకునే రోజులవి, మా వయసు వాళ్లలో సగంమంది జూన్‌లోనే పుట్టి ఉంటారు. కోఆర్డినేటరుకీ తెలుసు ఆ సంగతి, వాళ్ల నాన్నగారిదీ అంతేనట. కానీ మార్పిడికి అనుమతిచ్చే కమిటీ ముందు జోకులు చెల్లవు. సొంత అక్కాచెల్లెళ్లని రుజువు కాకపోతే బయటివాళ్ల కింద లెక్క, ఫైలు ఇంకో పెద్ద కమిటీకి వెళ్తుంది, నెలలు పడుతుంది అని చెప్పింది. నా దగ్గర నెలలు లేవు. ఆ రోజుల్లో అందరూ అలాగే రాయించేవారమ్మా, అందులో విచిత్రమేముంది అని కాస్త కసురుగానే అన్నాను.

అప్పుడు అక్క, ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోతుంది కదా అని మొదలుపెట్టింది. కాగితంలో ఉన్నదాని కంటే తను పెద్దదని చెప్పబోతోందని తెలిసి, వయసెక్కువైతే కిడ్నీ వద్దంటారేమోనని బల్ల కింద అక్క కాలు తొక్కాను. అక్క కాలు పక్కకి తీసుకుంది.

"బడికి కాలవ గట్టు మీద చాలా దూరం నడవాలండీ. దీన్నొక్కదాన్నీ పంపడానికి మా అమ్మకి భయం. నాకు ఐదేళ్లు నిండినా, ఇది అంత దూరం నడవగలిగేదాకా నన్ను ఇంట్లోనే ఉంచారు. తర్వాత ఇద్దర్నీ ఒకేసారి చేర్చారు. ఒకే క్లాసులో వెయ్యాలని మేస్టారు నాకు వయసు తగ్గించి, దీనికి పెంచి రాశాడు. నేను దీనికంటే రెండున్నరేళ్లు పెద్దండీ."

నాకు ఈ సంగతి తెలియదు. నిజంగా తెలియదు. మాకు వయసు తేడా ఉందని తెలుసు, ఒకే క్లాసులో చదివామని తెలుసు, ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు. క్లాసులో అందరికంటే పొడుగ్గా, వెనక బెంచీలో కూర్చునే అక్కని చూసి దానికి చదువు అబ్బలేదనే అనుకున్నాను. పదో తరగతి అయ్యేసరికి పెళ్లీడు వచ్చిందని అక్కని మాన్పించేశారు. అదే పది పాసైన నాకు ఇంకా చదువుకునే వయసుంది. నేను కాలేజీకెళ్లాను, బీఎడ్ చేశాను. అక్క ఆ ముక్క కోపంగా చెప్పలేదు, కోఆర్డినేటరుకి కాగితం పని సుళువవుతుందని చెప్పింది. నేను బల్ల మీది ఫైలు వైపే చూస్తూ కూర్చున్నాను.

కోఆర్డినేటరు అవసరమైన అఫిడవిట్ రాయించింది. బావగారు తన వంతు సంతకం చదవకుండానే గీకేశారు. మా ఇద్దరి రక్తాలూ డీఎన్ఏ పరీక్షకి పంపారు. ఆ రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నాకు రెండుసార్లు చలిజ్వరం వచ్చింది, ఒకసారి డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయి కళ్లు తేలేశాను. అక్కాచెల్లెళ్లమేనని రిపోర్టు రాగానే కమిటీకి రోజు ఇచ్చారు.

ఆ రోజు పొద్దున కోఆర్డినేటరు మమ్మల్ని కూర్చోబెట్టి పద్ధతి చెప్పింది. దాతని ఒక్కరినే లోపలికి పిలుస్తారు, వీడియో తీస్తారు, ఇష్టమో కాదో అడుగుతారు. దాతకి ఇష్టం లేకపోతే ఆ మాట ఇంట్లోవాళ్లకి చెప్పరు. వైద్యపరంగా పనికిరారు అని మాత్రమే చెబుతారు. మంచి పద్ధతేనని మా ఆయన తలాడించారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. రేపు ఎవరో వచ్చి మీ అక్కగారు పనికిరారని చెబితే, అది కిడ్నీ సంగతో అక్క మనసు సంగతో నేను బతికినన్నాళ్లూ తెలుసుకోలేను. బతికేది ఎన్నాళ్లనేది వేరే సంగతి.

అక్క లోపలికి వెళ్లి అరగంట దాటింది. బయట బెంచీ మీద బావగారు పక్కాయనతో మినుము పంటకి తగిలిన తెగులు గురించి మాట్లాడుతున్నారు. నేను తలుపు పిడినే చూస్తున్నాను. ఇష్టం లేని మనిషి వెంటనే చెప్పి వచ్చేస్తుందా, ఇష్టం ఉన్న మనిషి వెంటనే వచ్చేస్తుందా అని బుర్ర ఒకటే రొద. నీళ్లు తాగుదామంటే, డాక్టర్లు కొలిచి పెట్టిన ఆ రోజు కోటా అప్పటికే అయిపోయింది.

అక్క బయటికొచ్చింది. ఇంకో కాపీ ఏదో కావాలంటే మగవాళ్లిద్దరూ జిరాక్సుకి కిందికి వెళ్లారు. అక్క నా పక్కన కూర్చుని చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది. ఏమడిగారని అడిగాను.

"పేరూ ఊరూ అడిగారు. తర్వాత పెద్ద డాక్టరు, కిడ్నీ ఇమ్మని మిమ్మల్ని ఎవరడిగారమ్మా అన్నాడు. ఆలోచించాను. ఎవరూ గుర్తు రాలేదు. ఎవరూ అడగలేదండీ, మీరే మొదలు అన్నాను."

"మరి ఇష్టమేనని చెప్పావా?"

"రేపు చెబుతానన్నాను."

నాకు మొదట వచ్చింది కోపం. ఇన్ని పరీక్షలయ్యాక, ఇన్ని కాగితాలయ్యాక, ఈ మాట ఇవాళా చెప్పేది అని అరవాలనిపించింది. తర్వాత, మూడు నెలల కిందట ఆ వంటింటి గుమ్మం దగ్గర అడగాల్సిన మాట అడిగాను.

"అక్కా, నాకు ఇస్తావా?"

కారిడార్‌లో ఎవరినో వీల్‌చైర్లో తోసుకెళ్తుంటే అక్క వాళ్లు మలుపు తిరిగేదాకా చూసింది.

"భయమేస్తోందే. మత్తిచ్చాక లేవనేమోనని. లేచినా, ఉన్న ఆ ఒక్కటీ రేపు పాడైతే నాకెవరిస్తారని. మీ బావతో అంటే నవ్వుతారు. నీతో ఎలా అనను?"

అయితే వద్దులే అక్కా అనాలి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. అక్క నా వైపు తిరిగి కూర్చుంది. నేను ఆ మాట అంటానేమోనని చూస్తోందని నాకు తెలుసు. అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, తను చెప్పకుండానే ఆగిపోతుంది. నేను అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ధైర్యం చెప్పడానికి కాదు, వదలకుండా ఉండటానికి పట్టుకున్నాను. మగవాళ్లు జిరాక్సు కాగితాలతో లిఫ్టులోంచి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.

అక్క ఆ సాయంత్రం కంకిపాడు బస్సెక్కింది. ఫోన్ నా చేతిలోనే ఉంది. చెయ్యలేదు.

మర్నాడు పదింటికి అక్క మళ్లీ లోపలికి వెళ్లి ఐదు నిమిషాల్లో బయటికొచ్చింది. సంతకం పెట్టేశానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపు ముఖం పెడదామని ఎంత ప్రయత్నించినా కుదరలేదు, సంతోషం ఆగలేదు. అక్క అది చూసింది. చూసి, కొంగు సవరించుకుని, ఏమైనా తిన్నావా అని అడిగింది.