ఒరిజినల్ అని ఒప్పుకోని ఆట

హోసూరులో మా గేమ్ సెంటర్ బస్టాండు వెనక వీధిలో, ఒక మందుల షాపు పైఅంతస్తులో ఉండేది. నా భర్త హోసూరుకూ కృష్ణగిరికీ మధ్య ప్రైవేటు బస్సు నడుపుతాడు కాబట్టి సెంటర్ నేనే చూసుకునేదాన్ని. మాది వేప్పనపల్లి దగ్గర పల్లె. మేకలు తోలిన పిల్ల కంప్యూటర్ల మధ్య కూర్చుందని మా పిన్నమ్మలకు నవ్వు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగిన మగవాళ్ళు. ఇంటికి పోయే ముందు కాసేపు తెరమీద ఫుట్‌బాల్ ఆడి, అరుచుకుని, చల్లబడి పోయేవాళ్ళు.

ఆ వీధిలో మిగతా సెంటర్లన్నీ దొంగ కాపీలతోనే నడిచేవి. నేను మాత్రం బెంగళూరు డీలర్ దగ్గర, సెంటర్లలో ఆడించడానికి అనుమతి ఉన్న ఒరిజినల్ ఆటలే కొన్నాను. నీతికోసం అని గొప్పగా చెప్పుకోలేను. పోలీసులంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఆ ఫుట్‌బాల్ ఆటకు ఒక షరతు ఉండేది. తెరిచిన ప్రతిసారీ అది నెట్‌లో కంపెనీవాళ్ళ సర్వర్‌ను అడుగుతుంది. అటునుంచి సరేనని జవాబు వస్తేనే తెరుచుకుంటుంది.

ఒక ఆదివారం పొద్దున వీధిలో మురుగునీటి పైపుల కోసం తవ్వుతూ జేసీబీవాడు కేబుల్ తెంపేశాడు. నెట్ పోయింది. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక అన్న రోజూ వచ్చేవాడు. నెట్ వస్తుందేమోనని ఆయన ఒక్కడే కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. అప్పుడు మెట్లమీద బూట్ల చప్పుడైంది.

ముందు హెడ్ కానిస్టేబుల్, ఆయన వెనక మెడలో కార్డు వేసుకున్న ఇద్దరు.

"ఏమ్మా, సెంటరు నీదేనా?"

"నాదే సార్. ఏమైంది?"

"దొంగ గేములు ఆడిస్తాండారని కంప్లైంటు వచ్చిందమ్మా. ఈ సార్లు గేమ్ కంపెనీ తరఫున చెన్నై నుంచి వచ్చినారు. చూసి పోతారు, నువ్వేం భయపడొద్దు."

నేను అప్పటికే భయపడిపోయాను. బీరువాలోంచి ఆటల డబ్బాలన్నీ తెచ్చి బల్లమీద పెట్టాను. కార్డు వేసుకున్న వాళ్ళలో చిన్నవాడు వాటిని తిప్పి చూశాడు. డబ్బాలు ఎవరైనా తెచ్చి పెట్టుకోవచ్చని, ఆట తెరిచి చూపించమని తమిళంలో మర్యాదగానే అన్నాడు.

తెరిచాను. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది. చివరికి ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ఈ కాపీ అసలుదో కాదో నిర్ధారించలేకపోయాం. రెండో మిషన్ మీద అదే. మూడోదాని మీదా అదే.

"మీ ఆటే చెబుతోంది కదమ్మా," అన్నాడతను.

నెట్ లేదని చెప్పాను. వీధిలో గుంత చూపించాను. తన ముందు తెరుచుకోకపోతే మిషన్లను తీసుకుపోవాల్సిందేనంటూ అతను బల్లకిందకి వంగి ఒక ప్లగ్ లాగాడు. మిషన్ లోపలి ఫ్యాన్ నెమ్మదిగా ఆగిపోయింది. పక్క వీధిలో దొంగ కాపీ ఏ సర్వర్‌నూ అడగకుండా హాయిగా తెరుచుకుంటూ ఉంటుంది. నా ఒరిజినల్ మాత్రం నా సెంటర్‌లోనే నన్ను దొంగను చేసింది.

లేత్ అన్న లేచాడు. "అమ్మా, నా ఫోన్లో నెట్టుంది. దాంట్లోనించి ఇస్తే కాదా?"

"ఈడ టవరు దొరకదు కదన్నా."

"మిద్దెమీద దొరుకుతుంది. ఎత్తుకోని పోదాం పదమ్మా. సార్, కొంచేపు నిలబడండి."

కానిస్టేబుల్ చెన్నై వాళ్ళవైపు చూశాడు. వాళ్ళు వాచీలు చూసుకుని సరేనన్నారు.

మండుటెండలో మిద్దెమీదకి కరెంటు వైరు లాగాం. నీళ్ళ ట్యాంకు నీడలో స్టూలు వేసి, ఒక్కో మిషన్‌నూ మోసుకొచ్చి ఫోన్ నెట్‌కు కలిపాం. లేత్ అన్న ఫోన్‌ను ట్యాంకు మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మొదటి మిషన్ మీద చక్రం తిరగసాగింది. నేను తెరవైపు చూడలేక వీధిలోకి చూశాను.

"వచ్చిందమ్మా, వచ్చింది!"

తెరుచుకుంది. చిన్నవాడు ఫోటో తీసుకున్నాడు. తర్వాతది తెరుచుకుంది, ఆ తర్వాతదీ. మూలన ఉండే చివరి మిషన్ మాత్రం కొత్త మాట చెప్పింది: డబ్బామీది ఈ కోడ్ ఇప్పటికే వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది.

నాకు వెంటనే అర్థమైంది. ఎండాకాలంలో కరెంటు ఎక్కువై ఆ మిషన్‌లో మదర్‌బోర్డు కాలిపోతే మార్పించాను. అప్పటినుంచి దాంట్లో వేరే కంపెనీ కార్ల ఆటే ఆడేవాళ్ళు, ఈ ఆట ఎవరూ తెరవలేదు. బోర్డు మారేసరికి, ఆట దాన్ని కొత్త కంప్యూటర్ అనుకుంది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి ఒక అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడింది. నా వచ్చీరాని ఇంగ్లీషులో బోర్డు సంగతి చెప్పాను. డబ్బా ఫోటో పంపితే పరిశీలించి ఈమెయిల్ చేస్తామంది. ఇప్పుడే కావాలని బతిమాలాను. అది తన చేతిలో లేదంది.

"తప్పు మీదని నేననడం లేదమ్మా," అన్నాడు చిన్నవాడు. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. "తెర ఏం చెబుతోందో అదే నేను రాయాలి."

ఆ ఒక్క మిషన్‌ను తీసుకుపోయారు. మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళంతా నన్నే చూశారు. "సరి చేసుకోని కృష్ణగిరికి రామ్మా, ఆడ ఇస్తారు," అన్నాడు కానిస్టేబుల్ దిగిపోతూ, గొంతు తగ్గించి.

ఈమెయిల్ రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా నా సెంటర్‌లో పోలీసులు పడ్డారని వీధంతా పాకింది. కొందరు రావడం మానేశారు. కోడ్ సరిచేశామని జవాబు వచ్చిన మర్నాడు నా భర్త బస్సులోనే కృష్ణగిరి పోయాను. అక్కడి పోలీసు ఆఫీసులో ఒకాయన మెయిల్ చదివి, తెరిచి చూపించమన్నాడు. మళ్ళీ ఆ చక్రం. ఈసారి తెరుచుకుంది. ఆయన తల కూడా ఎత్తకుండా, "తీసుకుపోమ్మా," అన్నాడు.

తిరుగు బస్సులో మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా భర్త అద్దంలోంచి చూసి, "కింద పెట్టుకోరాదా?" అన్నాడు. నేను పెట్టలేదు.

తర్వాతి ఏడాది ఆ కంపెనీ పాత ఆట సర్వర్‌ను మూసేసింది. కొత్త ఆట కొనుక్కోమని తెరమీద ఒక ప్రకటన వచ్చింది, అంతే. నా దగ్గరున్న ఫుట్‌బాల్ కాపీల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. అడిగేదానికి అటువైపు ఎవరూ లేరు. లేత్ అన్న రెండు రోజులు చూసి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"దీంట్లో అదే గేముందమ్మా. నెట్టు అడగదు, ఏమీ అడగదు. దుడ్డిచ్చి కొన్న గేమే కదా నీది, ఎవురేమంటారు?"

ఆయన మాటలో న్యాయం ఉంది. పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ మిషన్‌కు పెట్టబోయేసరికి మెట్లమీద ఆ బూట్ల చప్పుడు గుర్తొచ్చింది.

"నా వల్ల కాదన్నా," అని తిరిగి ఇచ్చేశాను. ఆయన కోపగించుకోలేదు. పక్క మిషన్‌లో కార్ల ఆట ఎలా ఆడాలో చూపించమని అడిగాడు.