మతిమరుపు లేని సీటు

చైర్మన్‌గారి డ్రైవరు పొట్టిగా గుండ్రంగా ఉంటాడు. సిగ్నల్ దగ్గర పక్కబండి వాళ్ళకి అతని టోపీ తప్ప మనిషి కనిపించడు. ముప్ఫయ్యేళ్ళలో ఆ పెద్ద కారు నాలుగు తరాలు మారింది, అతను మాత్రం మారలేదు. మొదటిదానికి వెనక కిటికీలకు తెరలుండేవి, రెండోదానికి ఫోనుండేది, మూడోదానికి బుల్లి టీవీ. ఏ కారునైనా పొద్దున్నే మెత్తటి గుడ్డతో, చంటిపిల్లకు ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తాడు. మధ్యాహ్నం చైర్మన్‌గారు మీటింగులో ఉండగా, బూట్లు విప్పి వెనక సీట్లోకి ఎక్కి అరగంట కునుకు తీస్తాడు. లేచాక సీటు మీద ముడతలన్నీ అరచేత్తో సాపు చేస్తాడు. మూడు కార్లూ ఆ సంగతి కడుపులో దాచుకున్నాయి.

నాలుగోదాని వెనక సీటు మనిషి కొలతలు నంబరు బటన్లలో గుర్తుపెట్టుకునే రకం. అది తెలియక డ్రైవరు, కారు వచ్చిన రోజే బటన్లన్నీ నొక్కి చూసి హాయిగా ఒళ్ళు కుదుర్చుకున్నాడు. మర్నాడు ఆరడుగుల చైర్మన్‌గారు కూర్చుని ఒకటో నంబరు బటన్ నొక్కారు. సీటు బుద్ధిగా ముందుకు జరిగి, కాలిపీట పైకి లేపి, ఆయన మోకాళ్ళను గడ్డానికి ఆనించింది.

"ఇది ఎవరి కొలతయ్యా?"

డ్రైవరుకు ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగం కళ్ళముందు గిర్రున తిరిగింది. "కొత్తబండి కదండీ, ఇంకా మనుషుల్ని పోల్చుకోవడం రాలేదు."

చైర్మన్‌గారు ఆ పొట్టి మెడకేసి కాసేపు చూశారు.

"సరే, ఒకటి అలాగే ఉండనీ. నన్ను రెండులో పెట్టు."